దప్పిక సంగతి నువ్వు చూస్కో

ఆ రోజుల్లో తార్నాకకు మెట్రో రైలు ఇంకా రాలేదు, స్తంభాలు మాత్రం వచ్చాయి. రోడ్డు మధ్యలో వరసగా నిలబడి, నెత్తి మీదికి ఏదో గొప్పది వస్తుందని ఎదురుచూస్తూ ఉండేవి. నా పరిస్థితీ అంతే. ఇరవై రెండేళ్ల వయసు, యూనివర్సిటీలో ఎమ్మే, హాస్టల్లో ఒక మంచం, మూడు జతల బట్టలు, వీటన్నిటికీ మించి దేవుడు నన్ను ఏదో పెద్ద పనికి ఏర్పరచుకున్నాడన్న గట్టి నమ్మకం. ఆ పని ఏమిటో ఆయన ఇంకా చెప్పలేదు. ఆయన తీరిక చేసుకుని చెప్పేలోపు నేనే ఒకటి ఎంచి పెట్టుకున్నాను. మైకు ముందు నిలబడాలి, నేను మాట్లాడుతుంటే జనం కళ్లు తుడుచుకోవాలి, బయటికొచ్చాక "ఎవరి పిల్లగాడు?" అని ఒకరినొకరు అడగాలి. (వినయం మీద ప్రసంగించి పేరు తెచ్చుకోవాలని ప్రత్యేకంగా ఒక కోరిక ఉండేది. నవ్వకండి, అప్పట్లో నాకు అందులో తేడా ఏమీ కనిపించలేదు.)

మెయిన్ రోడ్డు మీంచి రెండు సందులు లోపలికి వెళ్తే మా చర్చి. పల్లెల నుంచి వచ్చిన మాలాంటివాళ్లం దాన్ని గుడి అనేవాళ్లం, మౌలాలి రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చేవాళ్లు చర్చి అనేవాళ్లు, దేవుడు ఇద్దరికీ పలికేవాడు. మామూలు మనుషులకు అక్కడ మైకు అందేది ఏడాదికి ఒక్కసారే, గుడ్ ఫ్రైడే నాడు. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. యేసు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల్ని ఏడుగురు తలా ఒకటి తీసుకుని వివరిస్తారు, మధ్యమధ్య పాటలు. ఆ ఏడింటి కోసం లోలోపల జరిగే పోటీ ఎమ్మెల్యే టికెట్టుకు కూడా ఉండదు. మొదటిది క్షమాపణ మాట, అది సెక్రటరీగారి సొంత ఆస్తి. ఏడోది అప్పగింత మాట, తనను తాను తండ్రి చేతుల్లో పెట్టేసుకునే మాట. దాన్ని అయ్యగారు (పాస్టరుగారిని మేం అలాగే పిలుస్తాం) ఎవరికీ ఇవ్వరు. నిజం చెప్పాలంటే నా కన్ను దాని మీదే ఉండేది. నన్ను నేను అప్పగించుకోవడం గురించి నాకంటే బాగా ఎవరు చెప్పగలరని నా ధీమా. అది దొరకదని తేలాక ఐదోదానికి దిగాను. ఐదోది దప్పిక మాట, ఆయన దాహమైందని అన్నది. చిన్న మాట కాబట్టి పెద్దవాళ్లు దాని జోలికి పోరని నా లెక్క.

జనవరి నుంచే పట్టుబట్టాను. అది ఉడుంపట్టు. ప్రతి ఆదివారం అందరికంటే ముందు వెళ్లి కుర్చీలు వేశాను, చాపలు దులిపాను, వాకిట్లో విడిచిన చెప్పుల్ని జతలు జతలుగా సర్దాను. ఇవన్నీ అయ్యగారి కంట్లో పడేటట్టే చేశాను. ఒకసారి ఆయన రావడం ఆలస్యమైతే, సర్దిన చెప్పుల్ని మళ్లీ చెదరగొట్టి, స్కూటరు చప్పుడు వినిపించాక కొత్తగా మొదలుపెట్టాను. ఇక రోజూ ప్రార్థన. "ప్రభువా, నా ఇష్టం కాదు, నీ చిత్తమే జరగనీ. అయితే ఐదో మాట మాత్రం నాకే రానీ." నా భక్తి మొత్తం ఆ "అయితే" అన్న చోటే మొదలయ్యేది.

మార్చిలో ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక అయ్యగారు నన్ను పిలిచారు. ముషీరాబాద్‌లో ఎవరింట్లోనో ప్రార్థన ఉందట, తొందర మీద ఉన్నారు. స్కూటరు మీద కూర్చుని హెల్మెట్ పెట్టుకుంటూనే అన్నారు.

"బిడ్డా, గుడ్ ఫ్రైడే నాడు దప్పిక సంగతి నువ్వు చూస్కో."

నాకు కాళ్లు భూమ్మీద నిలవలేదు. "నేనా అయ్యగారూ?"

"నువ్వే. పోయినేడు మధ్యలనే అయిపాయె, ఇజ్జత్ వోయింది. ఈసారి అందరికి అందాలె. ముందల కూసున్నోళ్లకే గాదు, ఎనకున్నోళ్లకు గూడ అందాలె."

"అందిస్త అయ్యగారూ. ఎంత తయారు చేసుకోమంటరు?"

"ఎంతన్న గానీ. ఎక్కువైతే ఏం గాదు, తక్కువ మాత్రం కావొద్దు. ఇంకోటి, సల్లగ ఉండాలె. వేడిగుంటే ఎవ్వరు తీస్కోరు." అని స్కూటరు తిప్పుకుని వెళ్లిపోయారు.

మీరే చెప్పండి, ఇందులో నేను అనుమానించాల్సిన ముక్క ఒక్కటైనా ఉందా? ముందటేడు ఐదో మాట చెప్పినాయన నిజంగానే సగంలో తడబడి కూర్చున్నాడు. సందేశం వెనకవాళ్లకూ అందాలన్నది న్యాయమైన మాటే. ఇక చల్లగా ఉండాలంటే, అరుపులూ కేకలూ లేకుండా మెల్లగా మనసులోకి దిగేటట్టు ఉండాలని. ఎంత లోతైన మనిషి అనుకుని, దుమ్ము లేపుకుంటూ పోతున్న ఆ స్కూటరుకు అక్కడి నుంచే దండం పెట్టాను.

తక్కువ కావొద్దన్నారు కాబట్టి పద్దెనిమిది పేజీలు రాశాను. మొదటి శ్రోత నా రూమ్మేట్. అతన్ని హాస్టలంతా కలెక్టర్ అనేది (సివిల్స్ రాస్తున్నాడు, అప్పటికి రెండుసార్లు కలెక్టర్ కాలేదు). నల్గొండ దగ్గరి పల్లెటూరు, ఇంట్లో అందరూ మల్లన్న భక్తులు. పాపం, ఓపికగా తొమ్మిది పేజీల దాకా విన్నాడు. "అరే, గాయన ఒక్క మాటనే అన్నడంటివి గద. గా ఒక్క మాటకు పద్దెనిమిది పేజీలేందిరా?" అన్నాడు. అతనికి ఆత్మీయ లోతులు తెలియవని జాలిపడి, మర్నాటి నుంచి పొద్దున్నే లైబ్రరీ వెనక బండరాళ్ల దగ్గర సాధన మొదలుపెట్టాను. నల్లకుంట నుంచి వాకింగ్‌కి వచ్చే పెద్దమనుషులు నన్ను చూసి దారి మార్చుకునేవాళ్లు. మూడో రోజు సెక్యూరిటీ అన్న లాఠీ ఊపుకుంటూ వచ్చాడు. మా క్యాంపస్‌లో ఒంటరిగా చేతులు ఊపుతూ మాట్లాడేవాడు కనిపిస్తే, సాయంత్రానికి ధర్నా ఉందని అర్థం.

"ఏ యూనియన్ తమ్మీ?"

"యూనియన్ కాదన్నా, చర్చి."

"గది ఏ యూనియన్ల కలుస్తది?" అని ఎంతకీ నమ్మలేదు. చివరికి నా పేరు, హాస్టల్ నంబరు రాసుకుని గాని వెళ్లలేదు. గొప్ప పని తలపెట్టినవాడికి శ్రమలు తప్పవని నాకు ధైర్యం ఇంకా పెరిగింది.

గుడ్ ఫ్రైడేకి ముందు ఆదివారం మా ఊరికి వెళ్లాను. జనగామ దాటాక లోపలికి వెళ్తే వస్తుంది. అమ్మ అక్కడ సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండేది. నాన్న పోయాక ఆ పొయ్యి దగ్గరే నన్ను చదివించింది. "నీ కొడుకు ఇంకా సదువుకుంటనే ఉన్నడా? కొలువెప్పుడు?" అని ఊరంతా అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియక, కూరలో ఉప్పు చూస్తున్నట్టు తల దించుకునేదట. ఆ సంగతి నాకు మా మేనత్త చెప్పింది. ఐదో మాట మీద నాకున్న యావకు అది కూడా కారణం. నాలుగు వందల మంది ముందు నేను నిలబడి మాట్లాడుతుంటే అమ్మ చూడాలి, అంతే. విషయం చెప్పగానే ఆమె కళ్లు పెద్దవి చేసుకుని, "పట్నపోళ్ల నడుమ నువ్వు మాట్లాడ్తవా?" అంది. సాయంత్రానికి ఊళ్లో సగం మందికి చెప్పి వచ్చింది. శుక్రవారం మొదటి బస్సుకే వస్తానంది. (నేను ఊళ్లో ఉన్న ఆ ఆదివారమే తార్నాకలో ఏడుగురి పేర్లు చదివారు. నేను ఊరికి వెళ్లకుండా ఉంటే ఈ కథ లేదు.)

శుక్రవారం పదింటికల్లా తెల్ల చొక్కా తొడుక్కుని, పద్దెనిమిది పేజీలు జేబులో మడిచి పెట్టుకుని గుడికి చేరాను. గేటు దగ్గరే అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, ఎదురొచ్చారు.

"వచ్చినవా నాయనా? క్యాన్లు గాడ దింపిండ్రు. గ్లాసులు కడిగి పెట్టిన. మజ్జిగ మూడింటికి వస్తది."

"అమ్మగారూ, నాది ఐదో మాట కదా, కొంచెం ప్రార్థన చేసుకుంట..."

"ఐదో మాట రైల్వే అంకుల్‌ది గద? నీకు దప్పిక అప్పజెప్పిన అన్నరు అయ్యగారు. పోయినేడు నీళ్లు మధ్యలనే అయిపాయె, ముసలోళ్లు మస్తు తిప్పలపడ్డరు."

కరపత్రం చేతిలో పెట్టారు. ముందు పేజీలో ఏడు మాటలు, ఏడు పేర్లు. నా పేరు వెనక పేజీలో ఉంది, టెంటు వేసినవారికీ మైకు సెట్టు ఇచ్చినవారికీ మధ్య, "మంచినీళ్లు, మజ్జిగ" అన్న దానికి ఎదురుగా. అందాలె, తక్కువ కావొద్దు, సల్లగ ఉండాలె. ఒక్కొక్క ముక్కా వెనక్కి తిరిగి వచ్చి నా చెంప మీద కొట్టింది. అప్పటికప్పుడు గేటు దాటి పోవాలనిపించింది. కానీ అప్పటికే అమ్మ ఉప్పల్‌లో బస్సు దిగి, ఆటోలో వచ్చేస్తోంది.

ఏడుపు రాలేదు, రోషం వచ్చింది. సరే, నీళ్లే అయితే నీళ్లే, ఈ చర్చి పుట్టిన తర్వాత ఇలా నీళ్లిచ్చినవాడు లేడనిపించాలి అని పంతం పట్టాను. (చూశారా, బకెట్ పట్టుకున్నా నాకు మొదటి బహుమతే కావాలి.) ఎనిమిది క్యాన్లు భుజాన మోసి లోపల పెట్టాను. అమ్మ తెల్ల చీర కట్టుకుని వచ్చి ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుంది. కరపత్రం ఒళ్లో పెట్టుకుని, అక్షరం అక్షరం వేలితో చూసుకుంటూ చదువుతోంది. నేను ఆమె వైపు వెళ్లలేదు.

నాలుగు మాటలు అయ్యాయి. ఐదో మాట అని చెప్పగానే అమ్మ వెనక్కి తిరిగి చూసింది. నేను గబుక్కున తల వంచి క్యాన్ మూత తీస్తున్నట్టు నటించాను. రైల్వే అంకుల్ వేదిక ఎక్కారు. గుంటూరు వైపు నుంచి వచ్చి, రైల్వేలో రిటైరై, మౌలాలిలో స్థిరపడ్డ పెద్దాయన. షుగరు ఉంది, అయినా ఉపవాసం మానరు. "ప్రియులారా, ప్రభువు దప్పిక..." అని ఆగిపోయారు. మళ్లీ "దప్పిక..." అన్నారు. గొంతు పెగల్లేదు. మూడోసారి పెదాలు మాత్రమే కదిలాయి. ముందు వరసల్లో ఆడవాళ్లు వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టారు. ఎంత అనుభవించి చెప్తున్నాడు మహానుభావుడు అనుకున్నారు. ఆయన అనుభవిస్తున్నది నిజమైన దాహమని ఆ గుడిలో నాకొక్కడికే అర్థమైంది. పొద్దుటి నుంచీ నేను చూస్తున్నది ఎండిన పెదాల్నే కదా.

నా చేతిలో నిండు గ్లాసు ఉంది. కాళ్లు కదల్లేదు. ఇప్పుడు చెప్తే సిగ్గుగానే ఉంటుంది, కానీ దాచను. ఈయన కూర్చుండిపోతే అయ్యగారు మరొకరి కోసం వెతుకుతారు. వెతికితే తయారుగా ఉన్నవాడు ఎవడు? నా ఎడమ చేయి దానంతట అదే జేబు మీదికి వెళ్లింది, కాగితాలు తగిలాయి. అయ్యగారు నిజంగానే లేచి నిలబడి జనం వైపు చూశారు. ఒక్క అడుగు ముందుకు వేసి చెయ్యెత్తితే చాలు, ఐదో మాట నాది. మూడు నెలల ప్రార్థన ఇలా ఫలించిందా అని కూడా అనుకున్నాను, అంత పాపిష్ఠి బుర్ర నాది. అప్పుడు అంకుల్ ఇటు చూశారు. ఆయన చూసింది నన్ను కాదు, నా చేతిలో గ్లాసుని. ముసలి చేయి మైకు స్టాండుని ఊతంగా పట్టుకుంది.

పరుగెత్తాను. సగం నీళ్లు నా తెల్ల చొక్కా మీదే పోయాయి. మిగిలిన సగం ఆయన రెండు చేతులా పట్టుకుని తాగారు. మైకులో ఆయన గుటకలు వినిపిస్తున్నాయి. గ్లాసు నా చేతికిచ్చి, తలమీద చెయ్యి పెట్టి, "బతికించావు నాయనా," అన్నారు. తర్వాత జనం వైపు తిరిగి, "ఆ రోజు ఆయనకి ఇలా గ్లాసుడు మంచినీళ్లు ఇచ్చినవాడు లేడండీ. నేను చెప్పాల్సింది ఇంతే," అని కూర్చున్నారు. నా పద్దెనిమిది పేజీల్లో ఎక్కడా ఆ మాట లేదు.

మూడింటికి ఆరాధన ముగిసింది. మజ్జిగ పోస్తుంటే ఎంతోమంది నా భుజం తట్టారు. "మీరిద్దరు ముందుగాల్నే అనుకున్నరా? కండ్లల్ల నీళ్లు దిరిగినయ్" అన్నారు సెక్రటరీగారు. అనుకున్నామనీ అనలేదు, లేదనీ అనలేదు. అందరికీ పోయడం అయ్యాక, ఒక గ్లాసు తీసుకుని గోడ నీడన కూర్చున్న అమ్మ దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, ఐదో మాట నాది గాదే. అయ్యగారు చెప్పింది నేనే తప్పుగ సమజ్ చేసుకున్న."

"నాకెరుకే. కాయితం ఎనక నీ పేరు సదివిన," అంది అమ్మ. కరపత్రం నాలుగు మడతలు పెట్టి చీర కొంగున ముడేసుకుంది. "ఊరోళ్లకు సూపెట్టొద్దా?"

గ్లాసు ఆమె చేతికిచ్చాను. అమ్మ మజ్జిగ కాస్త తాగి, గ్లాసు దించి, నా ముఖంలోకి చూసింది.

"అంత మంచిగనే చేసినవ్ గని కొడుకా, గా ముసలాయన గట్ల తన్లాడుతుంటే, నీళ్లు చేతుల పట్టుకొని గంతసేపు నిలబడ్డవేంది? ఏం సోచాయిస్తున్నవ్?"

నాలుగు వందల మందిలో ఆ సంగతి గమనించింది ఒక్క అమ్మే. బడిలో వందమంది పిల్లలకు వడ్డించే మనిషి, అందరూ వేదిక వైపు చూస్తుంటే ఆమె నా చేతిలో గ్లాసు వైపు చూసింది. "ఇంకింత పొయ్యాల్నా అమ్మా?" అని లేచి వెళ్లిపోయాను.

ఇప్పుడు నేను ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్ని. మా చర్చిలో నన్ను మాట్లాడమంటున్నారు కూడా. ఐదో మాట మూడుసార్లు చెప్పాను, ఒకసారైతే బాగానే చెప్పానని నా నమ్మకం, కానీ తెల్లారేసరికి దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. నీళ్లిచ్చిన పిల్లవాడి గురించి మాత్రం ఇప్పటికీ, ఆ తర్వాత చేరినవాళ్లు ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు, ఆ పిల్లవాడు నేనేనని తెలియకుండా. చెప్పేయాలని నోటిదాకా వస్తుంది. అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది, చర్చిలో నా పక్కనే కూర్చుంటుంది. నేను నోరు తెరవబోయే ముందు ఒకసారి ఆమె ముఖం చూస్తాను. మూడుసార్లలో రెండుసార్లు ఊరుకుంటాను.