టీచరుగారు వేలాడదీసిన స్పాంజి

ఈ పూట మీరు పీల్చిన గాలిలో ఏముందో చెప్పగలరా? నేనూ చెప్పలేను. అది తేల్చడానికి తంటాలు పడిన మన కెమిస్ట్రీ టీచరుగారు మొన్న అమలాపురం ఆసుపత్రిలో కన్నుమూశారు. అప్పట్నుంచి ఒంట్లో సత్తువ లేదు. మీ పాస్టరునైనా గొంతెత్తి వాక్యం చెప్పే ఓపిక లేక ఈ కాగితం రాసి, పొద్దుటే మీ గుమ్మాల్లో వేయిస్తున్నాను.

ఆవిడ మన సంఘస్తురాలు కాదు. అయినా ప్రార్థన హాలు బయట చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని మరీ లోపలికొచ్చేవారు. రిటైరయ్యాక ఆవిడకి ఒకటే ధ్యాస: నురుగు పరుపుల్లోంచి, మరకలంటని బట్టల్లోంచి గాలిలో కలిసే రసాయనాలు. అవి ఏళ్లు గడిచినా నశించవట. వాటిని పట్టడానికి రెండు స్టీలు గిన్నెల మధ్య స్పాంజి బిళ్ళ పెట్టి హాల్లో ఒకటి, బయట కొబ్బరిచెట్టుకి ఒకటి వేలాడదీశారు. నెలల తరబడి గాలిలోది స్పాంజిలో చేరుతుంది. ల్యాబుకి పంపితే లోపలెంతో, బయటెంతో తేలుతుంది.

"గ్యాసు పైపుల పక్కన బతుకుతున్నాం. పాపమంతా బయటే ఉందండీ!" అని కేకలేశాను.

"బయట గాలిని తిట్టడం సుఖం అయ్యగారూ. హాల్లో చంటిపిల్లల్ని పడుకోబెట్టే మీ కొత్త నురుగు పరుపుల సంగతి ముందు చూద్దాం" అన్నారు.

తన కంట్లో దూలం మరిచి ఎదుటివాడి కంట్లో నలుసు వెతికేవాడి గురించి నేనెన్ని ఆదివారాలు బోధించానో!

పండగ ముందు మా ఇంటావిడ హాలు దులిపింది. టీచరుగారు రాగానే మురిసిపోతూ చెప్పింది: "మీ స్పాంజి నల్లగా మురికి పట్టేసిందండీ. సర్ఫులో నానబెట్టి ఉతికేసేనండీ. ఎలా తెల్లబడిందో చూడండి!"

టీచరుగారు చాపమీద కూలబడ్డారు. "ఆ మురికి కోసమేనమ్మా ఇన్నాళ్లూ కాచుక్కూచున్నాను!"

"ఆయ్... మరి ఓ ముక్క చెప్పొద్దాండీ?"

"చెప్పకపోవడం నా బుద్ధితక్కువే. టీ పెట్టు తల్లీ."

టీ తాగి, స్టూలెక్కి, రెండుచోట్లా కొత్త బిళ్ళలు కట్టారు.

ఆసుపత్రిలో ఊపిరందని గొంతుతో ఆవిడ అడిగింది ఒక్కటే: "ఆ బిళ్ళలు దింపడానికి గురువారంతో గడువు అయ్యగారూ. దాటితే లెక్క తప్పుతుంది. ఉత్త చేత్తో ముట్టుకోకండేం." మట్టిముద్దలో దేవుడు ఊపిరి ఊదాడని బోధించేవాణ్ణి. మిగిలిన నాలుగూపిర్లూ ఆవిడ దేనికి వాడారో చూశాను.

"ఆవిడే పోయేరు, ఇంక అదెందుకండీ" అంటున్నారు మన పెద్దలు. ఆ పరుపుల మీద నిద్రపోతున్నది మన పిల్లలే.

ఇవాళే గురువారం. ఆవిడ ఇచ్చిన గ్లవుజులు, ఫాయిల్ పేపరు, ల్యాబు అడ్రసున్న డబ్బా హాల్లో బల్లమీద ఉన్నాయి. పైన ఆ గిన్నె గాలొచ్చినప్పుడల్లా మెల్లగా ఊగుతోంది. ఇంటికొకరు రండి. రేపు కాదు, పొద్దు వాలకముందే రండి, దింపుదాం.