వేరే ప్రశ్నకు జవాబు

ముందు వినిపించింది అడుగు. ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. చెక్క మీద మడమ గట్టిగా ఆనిన చప్పుడు. ఖాళీ పడవను లోపలి నుంచి ఎవరో తట్టినట్టుంది.

పోర్ట్‌బ్లెయిర్ పక్క ఆస్టినాబాద్‌లో వాన వెలిసిన మధ్యాహ్నం అది. రేకుల చూరు నుంచి నీళ్ళు ఇంకా బొట్లు బొట్లుగా జారుతున్నాయి. నేను గుమ్మం బయట చెప్పులు విప్పుతున్నాను. అన్నీ సిమెంటు గచ్చులున్న ఆ ఇళ్ళ వరసలో చెక్క చప్పుడు ఎక్కడిదా అనుకుంటుండగా, వంటగదిలోంచి ఒక గొంతు పలికింది.

"వస్తన్నానే! టీ పొంగిపోతంది, ఆగు!"

ఆ గొంతు సింహాచలమ్మది. పిలిచింది ఆమె ఆడపడుచు దేముడమ్మ. దేముడమ్మకు పుట్టుకతోనే చెవులు వినిపించవు, మాట రాదు. తన జవాబు ఆమెకు చేరదని సింహాచలమ్మకు తెలుసు. అయినా కాపురానికి వచ్చిన నాటి నుంచి ఇరవై మూడేళ్ళుగా అలా బదులిస్తూనే ఉంది.

హాల్లో గచ్చు మీద పాత డింగీ పలకలు పరిచి ఉన్నాయి. దేముడమ్మ అన్న అప్పలరాముడు ఆ పడవను విప్పి, చెల్లెలి కోసం పరిచాడట. ఒకసారి తొక్కితే అన్నానికి రమ్మని. రెండుసార్లు తొక్కితే ఊరికే రమ్మని. మూడు తొక్కులంటే ప్రమాదం, పరిగెత్తమని. ఎవరు తొక్కినా ఆ అదురు పలకల వెంట పాకి రెండోవాళ్ళ అరికాళ్ళకు చేరుతుంది. గచ్చు ఏ కబురూ మోయదు. అద్దెకు దిగిన కొత్తలో ఈ ఇల్లు దేముడమ్మకు మూగదైపోయిందట.

ఆమెకు ఇప్పుడు ముప్ఫై ఏళ్ళు. సన్నటి మనిషి, నూనె రాసి బిగించిన జడ. ఎదుటివాళ్ళ ముఖాన్ని పుస్తకంలా చేతుల్లోకి తీసుకుని చదివే చూపు. పక్కన జాహ్నవి కూర్చుని ఉంది. గోల్ ఘర్‌లో ఒక టైలరింగ్ షాపు మేడ మీద సైగల భాష నేర్పే అమ్మాయి. దేముడమ్మ కథ రాసుకోవడానికి నన్ను ఇక్కడికి రమ్మన్నది ఆమే. దేముడమ్మ చేతులు చెప్పేది ఆమె నాకు మాటల్లో చెబుతుందనుకున్నాను.

దేముడమ్మ చేతులు చకచకా కదిలాయి. జాహ్నవి నా వైపు తిరిగింది.

"నన్ను మాట్లాడొద్దంటోంది దీదీ. అంతా వాళ్ళ వదినే చెప్పాలట. ఆంటీ ఎక్కడైనా మార్చి చెబితే నేను చెయ్యెత్తాలి. బస్, అంతే నా డ్యూటీ."

సింహాచలమ్మ టీ గ్లాసులు పెట్టి పలకల మీద చతికిలబడింది. "నా మీద సాడీలు నా సేతే సెప్పిస్తాదా? బాగుంది సోద్యం! సరే కానీ. దాని నోరు నానే కదా."

దేముడమ్మ గ్లాసు నోటిదాకా తెచ్చి, ముఖం చిట్లించి, ఏదో అంది.

"టీలో పంచదార ఎక్కువైపోనాదంతంది. అది రాసుకోవద్దంతంది."

జాహ్నవి చెయ్యి లేచింది. "రాసుకోవద్దు అనలేదు ఆంటీ."

నవ్వులు. సింహాచలమ్మ కూడా నవ్వింది. ఆ మధ్యాహ్నం ఆమె నవ్వడం అదొక్కసారే చూశాను.

శ్రీకాకుళం తీరం నుంచి లిటిల్ అండమాన్‌కు చేపల వేటకు వచ్చిన కుటుంబం వాళ్ళది. హట్‌బేలో ఒడ్డుకు దగ్గరగా గుంజల మీద చెక్క ఇల్లు. సింహాచలమ్మ కొత్తకోడలుగా అడుగుపెట్టేనాటికి దేముడమ్మ ఏడేళ్ళ పిల్ల. ఇంట్లో ఎవరూ ఆ పిల్లతో మాట్లాడేవారు కాదు. అన్నం చూపించేవారు, పని చూపించేవారు. ఇదిగో, అదిగో తప్ప ఆమెకు భాష లేదు. కొత్తకోడలికీ మాట్లాడేందుకు ఎవరూ లేరు. ఆ ఇద్దరూ చేపలు ఎండబెడుతూ, ఎండిన వాటిని తిరగేస్తూ, చేతులతో ఒక చిన్న భాష అల్లుకున్నారు. మీసం మెలేస్తే అన్న. బోర్లించిన అరచెయ్యి తేలుతూ పోతే ఓడ. రెండు అరచేతులూ కలిపి తెరిస్తే బడి. పొద్దున్నే పుస్తకాలు పట్టుకుని వెళ్ళే పిల్లలను చూసి ఆ సైగ చేసింది దేముడమ్మే. ఎడమ బుగ్గ సొట్టలో వేలు పెడితే అమ్ములు. సింహాచలమ్మకు కొన్నేళ్ళకు పుట్టిన కూతురు. రెండేళ్ళది. ఎప్పుడూ దేముడమ్మ చంకలోనే ఉండేది.

పిల్లను ఎత్తుకుని దేముడమ్మ రోజూ బడి కంచె దగ్గర నిలబడేది. కంచెకు అటువైపు పిల్లలు ఒకేసారి నోళ్ళు తెరిచి ఒకేసారి మూసేవారు. అది పాటో పాఠమో తెలియదు. ఆకలి వేసిన చేపపిల్లల్లా ఉండేవారని ఆమె చేతులు చెప్పాయి.

రెండువేల నాలుగు డిసెంబరు ఆదివారం ఉదయం దేముడమ్మ పలకల మీదే పడుకుని ఉంది. నిద్రలో కింద నుంచి తొక్కుళ్ళు. ఒకటి కాదు, రెండు కాదు. వంద మంది తననే పిలుస్తున్నారనుకుంది. ఇంతమంది ఒకేసారి తనను ఎప్పుడూ పిలవలేదు. కళ్ళు తెరిచేసరికి ఇల్లే ఊగుతోంది.

తర్వాత సముద్రం వచ్చింది. సింహాచలమ్మ చేతిలోంచి అమ్ములు పోయింది. దాని గురించి ఇద్దరి చేతులూ అంతకు మించి ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

కొండ మీద గడిపిన మూడు రోజుల్లో వాళ్ళ భాషలోకి ఆ అలకు ఒక కొత్త సైగ వచ్చింది. చెయ్యి వీపు వెనుక నుంచి పైకి లేచి, వేళ్ళు వంగి, తల మీదుగా కూలిపోతుంది. దాన్ని చేసినప్పుడల్లా ఇద్దరూ కళ్ళు మూసుకునేవారు.

ఓడలో పోర్ట్‌బ్లెయిర్ తెచ్చి వాళ్ళను ఒక బడిలో పెట్టిన శిబిరంలో దింపారు. దేముడమ్మ బడి లోపల కాలు పెట్టడం అదే మొదలు. పదమూడేళ్ళు అప్పుడు. వాళ్ళకు దొరికిన చోటు నల్లబల్ల కింద. దాని మీద ఎవరో టీచరు సెలవులకు ముందు రాసిన అక్షరాలు చెరగకుండా మిగిలి ఉన్నాయి. దేముడమ్మ వేలు నీళ్ళలో ముంచి, వాటిని నేల మీద దించేది. ఆరిపోతే మళ్ళీ రాసేది. దుప్పట్లు పంచడానికి వచ్చిన ఒక పెద్దావిడ అది చూసింది. మర్నాడు ఒక ఆఫీసరును, ఒక కాగితాన్ని వెంటబెట్టుకొచ్చింది. విశాఖలో వినిపించని పిల్లలకు బడి ఉంది, హాస్టలుంది, చేర్పిస్తాం, పిల్లకు ఇష్టమేనా అడగమని సింహాచలమ్మతో అంది.

ఇక్కడిదాకా వచ్చి సింహాచలమ్మ టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. అందులో టీ లేదు.

"అడిగినాను. వద్దంది. తల అడ్డంగా ఊపింది. అంతే."

జాహ్నవి చెయ్యి లేచింది.

"ఆంటీ, ఆమె చెప్పింది అది కాదు."

దేముడమ్మ లేచి నిలబడి పలకల మీద తొక్కింది. ఒకటి, రెండు, మూడు. గ్లాసులు గలగలలాడాయి. తర్వాత వదిన ముఖానికి ఎదురుగా ఒక సైగ చేసింది. సింహాచలమ్మ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇదేటి? ఇది మన సైగ కాదు. మనింట్లో ఇది నేదు."

జాహ్నవి సింహాచలమ్మ వైపు తిరిగింది. తర్వాత మెల్లగా అంది. "మోసం, ఆంటీ. ఆ మాటకు సైగ అది."

ఆ ఇద్దరూ అల్లుకున్న భాషలో అంతవరకూ ఆ మాట లేదు. దేముడమ్మ దాన్ని గోల్ ఘర్ మేడ మీద నేర్చుకుని ఇంటికి తెచ్చింది.

ఆ మేడ ఎక్కేనాటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు. రెండేళ్ళలో పట్టుదలగా సైగల భాష నేర్చుకుంది, తన పేరు రాయడం నేర్చుకుంది. ఆ తర్వాత వికలాంగుల గుర్తింపు కార్డు కోసం డెలానీపూర్‌లో ఒక ఆఫీసుకు వెళ్తే, గుమాస్తా పాత శిబిరం కాగితాలు తీశాడు. దేముడమ్మ పేరు ఎదురుగా ఒక వాక్యం రాసి ఉంది. 'విశాఖ బడికి పంపుతామన్నాం. బాలిక స్వయంగా నిరాకరించింది.' జాహ్నవి దాన్ని సైగల్లో చెప్పింది. దేముడమ్మ మళ్ళీ చెప్పమంది. మూడోసారి కూడా చెప్పమంది. ఏ బడి? ఎవరడిగారు? నన్నెవరూ అడగలేదే!

ఆ వాక్యం సరిచేయమని అక్కడే అర్జీ పెట్టింది. ఆనాడు పిల్ల తరఫున మాట్లాడినవాళ్ళు వచ్చి చెబితే సరిచేస్తామన్నాడు గుమాస్తా. ఇప్పుడది సరిచేస్తే మీకు ఏమొస్తుందని కూడా అడిగాడు. ఏమీ రాదు. చదువుకునే వయసు రాదు. తను అనని మాట తన పేరు ఎదురుగా ఉండకూడదు, అంతే. మూడుసార్లు మంచి చీర కట్టుకుని, ఆ ఆఫీసుకు బయల్దేరడానికి వదిన కోసం ఇంటి వరండాలో కూర్చుంది. ఒకసారి సింహాచలమ్మకు తలనొప్పి. ఒకసారి వాన. మూడోసారి ఏ కారణమూ చెప్పలేదు.

ఇప్పుడు సింహాచలమ్మ గ్లాసు కింద పెట్టింది.

"పెద్దావిడ బడికెల్తాదేమో అడగమంది దీదీ. నాను…" ఆగింది. చెయ్యి వీపు వెనక్కి వెళ్ళింది. పైకి లేచింది. వేళ్ళు వంగి తల మీదుగా కూలింది. "ఇదడిగినాను. ఓడెక్కి ఇందులోకి మల్లీ ఎల్తావా అని."

సింహాచలమ్మ కళ్ళు మూసుకుంది. దేముడమ్మ మూసుకోలేదు.

"అది బెదిరిపోనాది. తలూపి, నా కాళ్ళు సుట్టేసుకుంది. అందరూ కళ్ళారా సూసినారు. గుంటే వద్దందని రాసుకున్నారు."

ఆ 'వద్దు' నిజమే. పిల్ల తల ఊపడమూ నిజమే. ప్రశ్న ఒక్కటే వేరేది.

"బడికి సైగ ఉంది కదా మీకు," అన్నాను.

"ఉంది." ఆమె అరచేతులు తమంతట తామే కొంచెం తెరుచుకుని మళ్ళీ మూసుకున్నాయి. "అమ్ములు పోయి నెల తిరగనేదు దీదీ. ఈయన నోట్లోంచి దాని పేరు రాదు. నాను ఇలగ బుగ్గ మీద ఏలెడితే తిరిగి ఏలెట్టీది లోకంలో ఇదొక్కతే. ఇది కూడా ఓడెక్కెల్లిపోతే నాకింకెవులున్నారు? ఉంచేసుకున్నాను. దాన్నెప్పుడూ తిండికి మాడ్సినానా, కొట్టినానా? అడగండి!"

అవన్నీ ఆమె చేతులతో కూడా చెప్పింది. దేముడమ్మ చివరిదాకా చూసి జవాబిచ్చింది. మెల్లగా, ఇద్దరూ అల్లుకున్న పాత సైగల్లోనే, వదినకు ఒక్కటీ అర్థం కాకుండా పోకూడదన్నట్టు. సింహాచలమ్మ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది.

"'అమ్ములు నాకూ అమ్ములే. బడికెల్లుంటే దాని పేరు రాయడం నేర్సుకుని, కాగితమ్మీద రాసి నీకు పంపుదును' అంతంది. 'దాని పేరు ఎలగుంతాదో నాకు ఇరవయ్యారేళ్ళకి తెలిసింది' అంతంది. 'నువ్వు తప్ప నాకు నోరు నేదు. ఆ నోరే నన్ను అమ్మీసింది' అంతంది."

జాహ్నవి చెయ్యి ఒడిలోనే ఉంది.

చూరు నీళ్ళు ఆగిపోయాయి. నేను పుస్తకం మూసి లేవబోయాను. పలకల మీద రెండు తొక్కులు పడ్డాయి. కూర్చున్నాను.

దేముడమ్మ వదిన మణికట్లు రెండూ పట్టుకుని, ఆమె చేతులను ఆమె ముందుకే తెచ్చి వదిలింది. ఏదో అడిగింది.

"ఆ రోజు అడగాల్సింది ఇప్పుడడగమంతంది," అంది సింహాచలమ్మ. కొంగుతో చేతులు తుడుచుకుంది. పదహారేళ్ళు ఆలస్యంగా ఆ రెండు అరచేతులూ కలిశాయి, తెరుచుకున్నాయి. ఒక వేలు దేముడమ్మను చూపింది. కనుబొమలు లేచాయి. అందులో ఓడ లేదు, అల లేదు.

తెరిచిన ఆ చేతులను దేముడమ్మ చాలాసేపు చూసింది. జవాబు వదినకు ఇవ్వలేదు. నా వైపు తిరిగి, నా పుస్తకాన్ని చూపించి, చేతులు కదిపింది. సింహాచలమ్మ ఆ మాటలను గొంతులోకి తెచ్చుకుంది. ఈసారి చివర 'అంతంది' అని చేర్చలేదు.

"రాసుకో. అప్పుడిదడిగుంటే, ఎల్లీదాన్ని."