చూడని పేరు

నా చిన్నప్పుడు ఎల్లారెడ్డి వార్తలు బస్సెక్కి పోయేవి. మా మేనమామ ఒక పత్రికకు విలేకరి. పగలంతా సైకిళ్ల దుకాణం చూసుకుని, సాయంత్రం వార్తలు రాసి కవరులో పెట్టి, నిజామాబాద్ బస్సు డ్రైవరు చేతికిచ్చేవాడు. అక్కడి బస్టాండులో పత్రికాఫీసు మనిషి వచ్చి తీసుకునేవాడు. జీతం లేని కొలువని అమ్మ దెప్పేది. మామ నవ్వి ఊరుకునేవాడు.

అవి మంచి రోజులు కావు. అడవిలో అన్నలు, రోడ్ల మీద పోలీసులు. ఒకరికి మంచినీళ్లిస్తే రెండోవాళ్లు వచ్చి ఎందుకిచ్చావని అడిగేవారు. గాంధారి వైపు తండాలో ఒక యువకుడిని ఇంట్లోంచి లాక్కుపోయారు. తర్వాత శవం దొరికింది. ఇటువాళ్లు అటువాళ్ల పనన్నారు, అటువాళ్లు ఇటువాళ్ల పనన్నారు. మామ తండాకు పోయి అతని తల్లి చూసింది చూసినట్టు రాశాడు. చేతిలో అన్నం ముద్ద ఉండగానే తీసుకుపోయారని ఆమె చెప్పింది. ఆ వార్త ఎవరికీ రుచించలేదు.

అది అచ్చయిన కొద్దిరోజులకు, పొద్దున దుకాణానికి పోతున్న మామను వెనక నుంచి పట్టుకుని, కళ్లకు తువ్వాల కట్టి, కుడిచేయి విరగ్గొట్టారు. ఆస్పత్రి నుంచి కట్టుతో మా ఇంటికే వచ్చాడు. అమ్మ ఏడవలేదు, చేటలో బియ్యం ఏరుతూనే ఉంది. నాకూ ఏమీ అనిపించలేదు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

బస్సు వేళ దగ్గరపడుతుంటే మామ నన్ను పిలిచి కాగితం చేతికిచ్చాడు.

"బిడ్డా, నేను చెప్త, నువ్వు రాయి."

అది ఆయన దెబ్బల వార్తే. ఎక్కడ పట్టుకున్నారో, ఎలా కొట్టారో మరెవరి సంగతో అన్నట్టు చెప్పుకుపోయాడు. కొట్టిందెవరన్న చోట ఆగాడు. వాడకట్టంతా ఒకతని పేరు చెప్పుకుంటోంది కదా అని నేను ఆ పేరు రాసేశాను. మామ చదివి, కొట్టెయ్యమన్నాడు.

అమ్మ అప్పుడు తలెత్తింది. "నీ చెయ్యి ఇరగ్గొట్టినోని పేరు గూడ రాయవా తమ్మీ? ఊరందరిది ఒక తొవ్వ, ఉలిపికట్టెది ఒక తొవ్వ."

"కండ్లకు తువ్వాల కట్టిన్రక్కా. నేను సూడలె. సూడనిది ఎట్ల రాస్త? రేపు నా రాత పట్టుకొని వాన్ని సంపుతరు."

అమ్మ మళ్లీ బియ్యం ఏరసాగింది. నేను ఆ పేరు కొట్టేసి, గుర్తు తెలియని వ్యక్తులు అని రాశాను. కవరు పట్టుకుని మామే బస్టాండుకు నడిచాడు.

ఆ ఎండాకాలం దాటకముందే మామను చంపేశారు. కామారెడ్డి రోడ్డు పక్కన పడేసి పోయారు. అప్పుడూ చూసినవాళ్లు లేరు. ఇంటి నిండా జనం, ప్రతి నోటా ఒక పేరు. నేను గోడకానుకుని కూర్చున్నాను. ఏడుపు రాలేదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఎక్కడో యుద్ధంలో విలేకరిని చంపారని ఫోనులో కనబడితే, చంపిందెవరో మా ఇంట్లో నిమిషంలో తేల్చేస్తారు. ఎవరు చూశారని అడిగితే, నానమ్మ చాదస్తమని నవ్వుతారు. మామను ఎవరు చంపారని కూడా అప్పుడప్పుడు అడుగుతారు. నా మనసులో ఒక పేరుంది. అదే నిజమని నమ్ముతాను కూడా. అయినా వాళ్లకు తెలియదనే చెబుతాను. నేను చూడలేదు.