సోడియం బస్సు

నా చిన్నప్పుడు, తమిళనాడులోని పళ్ళిపట్టు నుంచి తిరుత్తణికి బస్సులో పోయి ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి, చదివే రోజుల్లో, ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. హాఫ్ ఇయర్లీ పరీక్షలో కెమిస్ట్రీ తప్పాను. "ఇంకోసారి తప్పితే బడి చాలమ్మా" అన్నాడు మా అయ్య. కోపంగా అనలేదు. అందుకే మరింత భయమేసింది.

నాకు కొరుకుడు పడని పాఠం అయనీకరణ శక్తి, అంటే పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి కావలసిన శక్తి. సోడియం, మెగ్నీషియం పక్కపక్క లోహాలు. మొదటి ఎలక్ట్రాన్‌ను తీయడానికి సోడియం దగ్గర తక్కువ శక్తి చాలు. రెండోదాన్ని తీయబోతే మాత్రం మెగ్నీషియం కంటే సోడియానికే మూడు రెట్లు కావాలి. ఎందుకని? సారు చెప్పిన జవాబు బట్టీ పట్టినా నిలవలేదు.

పక్కింటి అక్క బీఎస్సీ కెమిస్ట్రీ ముగించి తిరుత్తణిలో టైపు నేర్చుకునేది. ఒక సాయంత్రం ఇద్దరం బస్టాండులో నిలబడి ఉన్నాం. మా బస్సు కిక్కిరిసి ఉంది. మెట్టు మీద ఒకాయన వేలాడుతున్నాడు. కండక్టరు గదమాయించగానే దిగిపోయాడు. ఇంకొకరు దిగితేగానీ బండి కదలదన్నాడు కండక్టరు. లోపల సీట్లలో కుదురుకున్నవాళ్ళు ఒక్కరూ లేవలేదు. అరిచాడు, బతిమాలాడు, లాభం లేకపోయింది.

అక్క పకపకా నవ్వింది. "అద్దో చూడే, నీ సోడియం! వరసల్లో ఎలక్ట్రాన్లు రెండు, ఎనిమిది, ఒకటి. బయట ఉండేది ఒకటే, సులువుగా వచ్చేసింది. రెండోది లోపల నిండిన వరసలోంచి రావల్ల. న్యూక్లియస్‌కు దగ్గర, పట్టు గట్టి. అది యాడ వస్తాది?"

"మరి మెగ్నీషియం?"

"నువ్వే చెప్పు."

రెండు, ఎనిమిది, రెండు. బస్సు మెట్టు వైపు చూశాను. "దాని మెట్టు మీద ఇద్దరుండారు. రెండోదీ వస్తాది. మూడోదే మొరాయిస్తాది."

అక్క నా జడ పట్టుకుని ఊపింది. చదువును మా ఇంటి మాటలో వినడం నాకదే మొదలు.

పెద్ద పరీక్షలో ఆ ప్రశ్న రానేలేదు. తక్కిన పాఠాలన్నీ అలాగే తెలుగులోకి తిప్పుకుని చదివాను, గట్టెక్కాను. బడి తెరిచిన రోజు మా అయ్య బస్సు దాకా నా వెంట నడిచాడు.

అంతకు ముందే, ఆ వేసవి సెలవుల్లో అక్కకు పెళ్ళయింది. ఆరణికి పోయింది, అక్కణ్ణుంచి ఇంకెక్కడికో. వాళ్ళ నాన్నకూ బదిలీ అయింది. ఎవరిని అడిగినా జాడ తెలియదన్నారు. ఇన్నేళ్ళయినా, ఆమెలా నడిచే మనిషి ఎదురైతే ఆగి చూస్తాను.

ఇప్పటికీ ఏదైనా అర్థం కాకపోతే మా తెలుగులో నాకు నేనే చెప్పుకుంటాను. చెప్పుకోగలిగితే అర్థమైనట్టే. వినడానికి పక్కన అక్క ఉంటే బాగుండునని ప్రతిసారీ అనిపిస్తుంది.