కెనడా ఆమె పాట

ఇస్నాపూర్ దగ్గర లారీలు అడ్డంపడి మా సంగారెడ్డి బస్సు ఆగిపోయింది. నా పక్కన కూర్చున్న తెల్లామె గిటారు తీసి సన్నగా పాట మొదలుపెట్టింది. నా వయసే ఉంటుంది. కెనడాలో ఊరూరా తిరిగి బ్లూస్ పాడుతుందని, అవి దుఃఖపు పాటలని ఆమెకు తోడుగా వచ్చిన మన తెలుగు పిల్ల చెప్పింది. ఈ మధ్యనే భర్త పోయాడట.

"మొగడు సచ్చినంక గీ పాటలేంది?" అన్నాడు వెనక సీటాయన.

పిల్ల ఆ మాట ఆమెకు ఇంగ్లీషులో చెప్పింది. ఆమె వెనక్కి తిరిగి ఏదో అంది.

"మొగడు పోయిండు గని గొంతు పోలే అంటున్నది కాకా" అని పిల్ల నవ్వింది.

ఆమె ఇంకా గట్టిగా పాడింది. బస్సు కదిలినా ఆపలేదు.

నలభై ఏళ్లు మా వాడలో బతుకమ్మ పాట ఎత్తుకున్నది నేనే. మా ఆయన పోయాక, ముండమోసినదాన్నని పక్కన కూర్చోబెట్టారు. నేనూ నోరు మూసుకుని కూర్చున్నాను.

బస్సులో ఆమె పాట విన్న ఏడు, బతుకమ్మనాడు కోడలు ఎప్పటిలాగే గడప పక్కన కుర్చీ వేసింది.

"అత్తమ్మా, నువ్వు గీడ కూసో."

"కుర్చీ లోపలెయ్యి. టేకుది, వానకు పాడైతది" అని, ఆడవాళ్ల నడుమకు పోయి పాట ఎత్తుకున్నాను.