లెక్కల బుధవారం

ఫెర్న్‌వుడ్‌లో గ్రాండ్ రోడ్డు దాటి బడికి పోయిన పిల్ల ఎవరైనా బెర్నడీన్ వొయ్టోవిచ్ చేతి కిందుగా దాటిన పిల్లే. ఆమె ఆ కూడలికి కాపలా. ఒంటి మీద నారింజ రంగు కోటు, మెడలో ఈల, చేతిలో ‘ఆగు’ అని రాసిన ఎర్ర పలక. ఆ పలక పైకి లేచిందంటే ఇసుక లారీ అయినా కిక్కురుమనకుండా నిలబడిపోవలసిందే. ఆమె కాపలాలో ఒక్క పిల్ల మోకాలు కూడా గీసుకుపోలేదు. అందుకు మేయరు ఇచ్చిన ఇత్తడి ఫలకం వాళ్ళింటి ముందుగదిలో పోప్ గారి పటం పక్కనే ఉంటుంది. బీట్‌దుంప పొలాల నడుమ, అన్ని తరగతులకూ ఒక్కరే పంతులమ్మ ఉన్న ఒంటిగది బడిలో చదివి, జిల్లా స్పెల్లింగ్ పోటీలో పట్నం పిల్లలందరినీ ఓడించిన మనిషి ఆమె. ఇద్దరు కూతుళ్ళను నర్సులను చేసింది. కొడుకు వారాల తరబడి లారీ మీదే తిరుగుతుంటే అతని కూతురు టెస్సాను తనే పెంచుతోంది. ఆ పిల్లకు ఈమె ‘బూషా’, అంటే వాళ్ళ పోలిష్ మాటలో నానమ్మ. ఈ సంగతులన్నీ ఆ వీధిలో అందరికీ తెలుసు. తెలియని వాళ్ళుంటే ఆమే చెప్పేది.

ఆ కూడలి నుంచి నాలుగు బడులకు దారి. కొండ మీద ఇటుక గేటున్న ప్రైవేటు బడి, ప్రవేశ పరీక్షలో టెస్సాను వద్దంది. సెయింట్ కాజిమిర్ చర్చి బడిలో పిల్లలు తగ్గిపోయి పసివాళ్ళ తరగతులే మిగిలాయి. మిగతావి రెండు. ఒకటి మేపుల్ వీధి సర్కారు బడి. రెండోది, మూతపడ్డ సూపర్‌మార్కెట్‌లో ఆ వేసవిలోనే తెరిచిన చార్టర్ బడి. అదీ నడిచేది సర్కారు సొమ్ముతోనే, నడిపేది మాత్రం ఎక్కడో ఉన్న కంపెనీ.

తొమ్మిదేళ్ళు వచ్చినా టెస్సాకు చదవడం పట్టుబడలేదు. మేపుల్ వీధి బడిలో మిసెస్ ట్రెంబ్లే అనే టీచరు ఆ పిల్లను రోజూ పక్కగదిలో కూర్చోబెట్టుకుని, అక్షరం మీద వేలు పెట్టించి చదివించేది. ఆ పక్కగదే బెర్నడీన్‌కు కంట్లో నలుసైంది. ‘మా బడిలో మొద్దులే లేరండీ’ అని చార్టర్ బడి ప్రిన్సిపాల్ అన్న మాట పట్టుకుని, సెప్టెంబరు చివర్లో టెస్సాను అక్కడ మానిపించి ఆ బడిలో వేసింది. ఆమెను చూసి వీధిలో సగం ఇళ్ళు అటే కదిలాయి.

హెడ్‌మాస్టర్ కీఫర్ స్వయంగా కూడలికి వచ్చాడు.

“బెర్నీ గారూ, వచ్చే బుధవారం దాకా అయినా పిల్లని మళ్ళీ మా దగ్గరికే పంపండి. తర్వాత మీ ఇష్టం.”

“అంటే బుధవారం దాటితే నా మనవరాలు మీకు అక్కర్లేదన్నమాట!”

“అయ్యో, అది కాదండీ. లెక్కల రోజు మీకు తెలియనిదా? ఆవేళ బెంచీల మీద ఎంతమంది కనిపిస్తే అంతమందికే సర్కారు ఏడాదంతా డబ్బిచ్చేది. లెక్క పడిపోతే ముందు ఊడేది మిసెస్ ట్రెంబ్లే ఉద్యోగం. టెస్సాకి ఇప్పుడిప్పుడే అక్షరాలు కుదురుతున్నాయి. ఆవిడ పోతే ఈ పిల్లని చదివించడానికి మా దగ్గర ఇంకెవరూ లేరు.”

“కుదిరితే మొద్దుల గదిలో ఎందుకు కూర్చోబెట్టారు? నేను జిల్లా పోటీలో గెలిచినదాన్నని తెలుసా మీకు?”

“తెలుసండీ. పోయిన వారం కూడా చెప్పారు,” అన్నాడాయన నీరసంగా.

చర్చి వంటింట్లో శుక్రవారాలు దుంపల కూరు పెట్టి కజ్జికాయల్లా మడిచిన పిరోగీలు వేయించే లొరెట్టా ఆమెకు చిన్ననాటి స్నేహితురాలు. ఆమె కూడా ఊరుకోలేదు. “ఏమే బెర్నీ, ఆ బడి గోడ మీద ఇంకా ‘మాంసం’ అన్న అక్షరాల మరక కనిపిస్తోందటగా? పిల్లల్ని తూకం వేసి తీసుకుంటారేంటే?”

“నీ నోరు పడ! మూకుడు మాడుతోంది, చూసుకో.”

నవ్వేసిందే గానీ, మర్నాడు ఆ బడి ముందు నిలబడ్డప్పుడు బెర్నడీన్ తలెత్తి చూసింది. బడి పేరున్న బోర్డును మేకులు కొట్టి బిగించలేదు. తాళ్ళతో కట్టారు. గాలి వీచినప్పుడల్లా అది గోడకు కొట్టుకుంటోంది. లోపల గదులకు కిటికీలు లేవు.

బుధవారం తెల్లవారేసరికి టెస్సా ఒళ్ళు కాలిపోతోంది.

“బూషా, నాకు చలేస్తోంది. ఇవాళ వెళ్ళనే.”

“లెక్క అయ్యాక పడుకుందువుగాని, నా బంగారం. ఈ ఒక్కపూటే. ఒక్కరోజు కూడా నాగా లేని ఇల్లు మనది.” శాలువా చుట్టి, తన బదులు కూడలికి మరో మనిషిని పెట్టి, నడిపించుకుపోయింది.

బడి ముందు పిల్లలు గెంతడానికి గాలి నింపిన రబ్బరు కోట, వాకిట్లో పిజ్జా డబ్బాల దొంతరలు. జారిపడే ముక్కల కోసం ఊరి పక్క సరస్సు మీంచి వచ్చిన పక్షులు కార్ల మధ్య బారులు తీరి కాచుకున్నాయి. ప్రిన్సిపాల్ మిస్ ఆష్బీ గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతి పిల్ల నెత్తినా వేలు ఆనిస్తూ లెక్కపెడుతోంది. టెస్సా నెత్తినా ఆనించింది. తల అంత వేడిగా ఉందని ఆ వేలికి తెలియకుండా ఉండదు.

“థాంక్సండీ. కావాలంటే ఇక ఇంటికి తీసుకెళ్ళిపోండి.”

పిల్ల ఇంకా కోటు గుండీ కూడా విప్పలేదు. బెర్నడీన్ శాలువా బిగించి పిల్లను ఇంటి వైపు తిప్పుకుంది.

నెల తిరిగింది. చనిపోయిన వాళ్ళ కోసం చర్చిలో కొవ్వొత్తులు వెలిగించే పండగ వెళ్ళిన మర్నాడు మిస్ ఆష్బీ కబురు పెట్టింది. తలుపు దగ్గరే మాట్లాడింది.

“టెస్సా చాలా మంచి పిల్లండీ. కాకపోతే మా పద్ధతి తనకు సరిపడదేమో అనిపిస్తోంది. తనకు తగిన గది మేపుల్ వీధిలో ఉందిగా.”

“మీ బడిలో మొద్దులే లేరన్నావు కదమ్మా!”

“లేరండీ,” అంది మిస్ ఆష్బీ, చిరునవ్వు చెదరకుండా.

ఆ వారం కూడలి దగ్గర నడక తిరగబడింది. పొద్దున్నే చార్టర్ బడి వైపు దాటవలసిన పిల్లలు ఒక్కొక్కరే మేపుల్ వీధి వైపు దాటసాగారు. నత్తివాడు, కుదురుగా కూర్చోలేనివాడు, ఇంగ్లీషు సరిగా రాని పిల్ల. అందరూ ఆమె వీధి వాళ్ళే. బెర్నడీన్ పలక ఎత్తి పట్టుకుంది. ఒక తల్లి దాటుతూ దాటుతూ ఆగి, “మిస్ బెర్నీ, మీరు చెప్పారనే కదా…” అని, మిగతాది మింగేసి వెళ్ళిపోయింది.

పిల్లలు వచ్చారు గానీ, ఆ బుధవారం వాళ్ళు ఎక్కడ కూర్చున్నారో అక్కడికే పోయింది డబ్బు.

బెర్నడీన్ టెస్సాను తీసుకుని వెళ్ళేసరికి కీఫర్ ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పినా బాగుండేది. పిల్ల చెయ్యి పట్టుకుని పక్కగది తలుపు తీశాడు. కుర్చీలన్నీ బల్లల మీద తలకిందులుగా పెట్టి ఉన్నాయి. గోడ మీద రంగు కాగితాల అక్షరాల రైలు మాత్రం మిగిలింది.

టెస్సా తన కుర్చీ తనే దించుకుంది. అలవాటు కొద్దీ పక్కన ఇంకో కుర్చీ కూడా దించింది. పుస్తకం తెరిచి మొదటి అక్షరం మీద వేలు పెట్టింది.

“మిసెస్ ట్రెంబ్లే ఎప్పుడొస్తారు బూషా?”

కీఫర్ కిటికీ వైపు తిరిగాడు. బెర్నడీన్ ఆ చిన్న కుర్చీలో ఎలాగో ఇరుక్కుని కూర్చుంది. నారింజ రంగు కోటు ఒంటి మీదే ఉంది, ఎర్ర పలక ఒళ్ళో ఉంది.

“నేనున్నాగా. చదువు.”

పిల్ల చదవలేదు. బెర్నడీన్ ఆ మాటను తనే బిగ్గరగా చదివి, ఒక్కో అక్షరమూ చకచకా ఒప్పజెప్పింది, ఆనాడు జిల్లా పోటీలో ఒప్పజెప్పినట్టే. టెస్సా ఆమె నోటి వంక చూసింది. వేలు మొదటి అక్షరం మీదే ఉండిపోయింది.

“అలా కాదు బూషా,” అంది మెల్లగా. “ఆవిడ అలా చెప్పరు.”

“మరెలా చెబుతారు?”

టెస్సాకు తెలియలేదు.