కాసు చేయని కూతురు

నాన్న కట్టకుండా మిగిల్చిన కొత్త పంచె మడత విప్పగానే గంజి వాసన వచ్చింది. వన్ టౌన్‌లో మా బట్టల కొట్టు, దాని వెనక మేమున్న రెండు గదులు, ఎండాకాలం ఆదివారాలు గుర్తుకొచ్చాయి. ఆ రోజు కొట్టుకు సెలవు. అమ్మ ముంజలు ఒలిచి గిన్నెలో వేస్తుంటే, మేం పిల్లలం ఖాళీ అట్టపెట్టెల్లో దూరి దాగుడుమూతలు ఆడుతుంటే, తడిపిన వట్టివేళ్ల తడికల వెనక నాన్నా, మా అరుగు మీద కుట్టుమిషను పెట్టుకున్న ఖాదర్ బాబాయీ పద్యాలు చదువుకునేవారు. నాన్న సొంతంగా ఆటవెలదులు కట్టేవాడు, కాగితం మీద మాత్రం పెట్టేవాడు కాదు.

వాటిలో కాసు అన్న మాట తరచుగా వచ్చేది. మేం బజారులో చూసినవి పైసలూ రూపాయలూ. కాసు ఎవరి జేబులోనూ లేదు. అమ్మమ్మ కాసులపేరులో ఉండేది, అమ్మ “కాసంత ఉప్పు తేవే” అన్నప్పుడు ఉండేది, మిగతాదంతా పద్యాల్లోనే చెల్లేది. “రూపాయంటే ఎంతో తెలిసిపోద్ది. కాసంటే తెలీదు. పద్యానికి అదే మంచిది,” అనేవాడు నాన్న.

నాకు పదేళ్లప్పుడు, లెక్కల్లో తప్పిన వారం, అట్టపెట్టెలో నక్కి ఉండగా నాన్న గొంతు వినిపించింది.

“కాసు చేయదింటి గారాల కూతురు...”

అక్కడ రాగం తీసి ఆగాడు. బాబాయి “భలే!” అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేను లేచి వంటింట్లోకి పోయాను.

ఆ ఇంటికి కూతుర్ని నేనొక్కదాన్నే. తర్వాత నాన్న నన్ను పల్లెత్తు మాట అనలేదు, అడిగిన చదువు చెప్పించాడు, ఉద్యోగం వచ్చిన రోజు వీధంతా మిఠాయి పంచాడు. అయినా ప్రతిసారీ ఆ పాదం అడ్డొచ్చేది. అడగడానికి నోరు రాలేదు. ఈ ఏడు ఆయన పోయాక, ఇక అడగలేనన్నదే ఎక్కువ బాధపెట్టింది.

పెద్దకర్మకు బాబాయి వచ్చాడు. అందరూ భోజనాల దగ్గరుండగా ఆ పాదం చదివి, “గుర్తుందా బాబాయ్?” అన్నాను.

“కూతురు కాదే పిచ్చిదానా, కూతురి! రెండో పాదం వినకుండానే పోయావా?” అని ఆయనే అందుకున్నాడు.

“కాసు చేయదింటి గారాల కూతురి
నవ్వు ముందు నిండు నగల కొట్టు”

కాసు చేయనిది నగల కొట్టు. నేను కాదు.

“నువ్వు మూతి ముడుచుకు తిరుగుతుంటే కట్టాడమ్మా.”

నాకింకా అనుమానం తీరలేదు. “పాదం మొదట ‘కా’ ఉంది కదా, యతి కుదరాలని ‘గారాల’ వేశాడేమో.”

“యతికైతే గాజుల కూతురన్నా చెల్లేది. మీ నాన్నకు గారాలే కావాల్సొచ్చింది. తిను, అన్నం చల్లారిపోతోంది.”

తర్వాతి రెండు పాదాలు బాబాయికీ గుర్తులేవు. మా కొట్టున్న చోట ఇప్పుడు సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు. అరుగు లేదు, తడికలు లేవు, ముంజలమ్మే మనిషి కూడా డబ్బులు ఫోనుతో కట్టమంటాడు. మా ఇంట్లో కాసంత అనే వాళ్లెవరూ మిగల్లేదు.

పంచె మళ్లీ మడతపెట్టి ఆ రెండు పాదాలూ పైకే చదువుకున్నాను, మొదటి పాదం చివర ఆగకుండా.